కెరీర్ మోడ్‌లో ట్రాన్స్‌ఫర్ నియమాలు: ముందు అమ్మకం సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఈఏ ఎఫ్‌సీ 25 ఫుట్‌బాల్ గేమ్‌లో ఇంగ్లిష్ క్లబ్ బ్రైటన్‌తో కెరీర్ (మనమే మేనేజర్‌గా క్లబ్‌ని నడిపే మోడ్) మొదలుపెట్టారు. ఆట మరీ తేలికైపోకూడదని మూడు నియమాలు పెట్టుకున్నారు: 23 ఏళ్ల లోపు వాళ్లనే కొనాలి, ఒక్కొక్కరి మీద 40 మిలియన్ పౌండ్లకు మించి పెట్టకూడదు, ఒక్కో ట్రాన్స్‌ఫర్ విండోకి (ఆటగాళ్లను కొని అమ్మే గడువు, వేసవిలో ఒకటి, జనవరిలో ఒకటి) ఇద్దరే రావాలి. అయినా నాలుగో సీజన్‌కల్లా యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ గెలిచేశారు, మజా పోయింది. నియమాలు ఇంకా బిగించాలా? దీని తర్వాత పాత ఫిఫా 22లో హైదరాబాద్ ఎఫ్‌సీతో ఆడాలనుకుంటున్నారు, దానికి ఏం పెట్టుకోవాలి?

బిగించక్కర్లేదు. మీ మూడు నియమాలూ కొనడం గురించే. నిజమైన క్లబ్‌కీ మన సేవ్‌కీ అసలు తేడా వచ్చేది అమ్మే దగ్గర. గేమ్‌లో మన ఆటగాడి కోసం రియల్ మాడ్రిడ్ వచ్చినా ఒక్క బటన్‌తో తిప్పి పంపేస్తాం. ఆటగాడు కొన్నాళ్లు ముఖం మాడ్చుకుంటాడు, నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తే మళ్లీ మామూలైపోతాడు. అలా బంగారం లాంటి కుర్రాళ్లు వస్తూనే ఉంటారు, ఒక్కడూ పోడు. విండోకి ఇద్దరే అన్నా నాలుగేళ్లకు పదహారు మంది పోగయ్యారు. ఇంక ఎవడు ఓడిస్తాడు మిమ్మల్ని?

ఇంకో సంగతి. 23 ఏళ్ల లోపు అనే నియమం వినడానికి కఠినంగా ఉంటుంది గానీ ఈ గేమ్‌లో అన్నిటికంటే సుఖమైన దారి అదే. పొటెన్షియల్ (ఎంత దాకా ఎదగగలడో చెప్పే అంకె) ఉన్న 19 ఏళ్ల వాడిని కొని, డెవలప్‌మెంట్ ప్లాన్ పెట్టి, వరసగా మ్యాచ్‌లు ఆడిస్తే రెండు మూడు సీజన్లలో ఎక్కడికో వెళ్లిపోతాడు. పైగా నిజం బ్రైటన్ కూడా అలా కుర్రాళ్లతోనే నడవలేదు. 2020లో ఆడమ్ లల్లానానీ, డానీ వెల్‌బెక్‌నీ ఫీజు లేకుండా తెచ్చుకున్నారు. 2023లో జేమ్స్ మిల్నర్ వచ్చేసరికి అతనికి 37 ఏళ్లు. డ్రెస్సింగ్ రూమ్‌లో నలుగురు పెద్దవాళ్లు ఉంటేనే ఆ కుర్రాళ్లు నిలదొక్కుకుంటారని వాళ్ల లెక్క. కాబట్టి వయసు నియమం తీసేయండి. కావాలంటే తిరగేసి పెట్టుకోండి: ప్రతి ఇద్దరు కుర్రాళ్లకి ఒక 29 దాటినవాడు రావాలి.

ఇక అమ్మకం. దీనికి బ్రైటన్‌లో ఆడిన కయిసెడో కథ కంటే మంచి నమూనా నాకు కనబడలేదు. 2021లో ఈక్వడార్ నుంచి సుమారు 4 మిలియన్ పౌండ్లకు తెచ్చారు. కొన్నాళ్లు బెల్జియంలో లోన్ మీద, అంటే వేరే క్లబ్‌కి అరువుగా వెళ్లి ఆడాడు. 2023 జనవరిలో ఆర్సెనల్ బేరానికి వచ్చింది, తనను పంపేయమని ఆటగాడే ఇన్‌స్టాగ్రామ్‌లో బహిరంగంగా అడిగాడు. బ్రైటన్ ఒప్పుకోలేదు. మార్చిలో కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది. ఆగస్టు వచ్చేసరికి లివర్‌పూల్‌తో 111 మిలియన్లకు బేరం కుదిరినా, అతను చెల్సీకే వెళ్తానన్నాడు. చివరికి 100 మిలియన్లకు, షరతులు నెరవేరితే మరో 15 మిలియన్లకు, చెల్సీకి వెళ్లాడు. ఇందులో మీకు కావలసిన నియమమంతా ఉంది. జనవరిలో వద్దనవచ్చు. వద్దన్నందుకు జీతం పెంచి కొత్త కాంట్రాక్ట్ ఇవ్వాలి. ఆ వచ్చే వేసవిలో మాత్రం మళ్లీ వద్దనే హక్కు లేదు.

గేమ్‌లో నేను దీన్ని ఇలా నడుపుతాను. వేసవిలో మన కంటే పెద్ద క్లబ్, అంటే ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్ ఆడేది, మన టాప్ ఐదుగురిలో ఒకరి కోసం వస్తే ఒక్కసారి కౌంటర్, అంటే ఎదురు ధర, పెడతాను. గేమ్ చూపించే విలువకి ఒకటిన్నర రెట్లు మించకుండా. వాళ్లు ఒప్పుకుంటే వాడు వెళ్లిపోయినట్టే. ఒప్పుకోకుండా లేచిపోతే మన అదృష్టం. కౌంటర్‌లో మూడు రెట్లు అడిగి వాళ్లను తరిమేయడం ఇందులో చెల్లదు, అది అమ్మనని చెప్పడంతో సమానం.

బేరాలే రాకపోతే? ఒక్కో వేసవి అలా కూడా గడుస్తుంది. రెండు వేసవుల్లో ఒక్కసారైనా మొదటి పదకొండు మందిలోంచి ఒకరు పోవాలని పెట్టుకోండి. మొదటి వేసవిలో ఎవరూ రాకపోతే, రెండో వేసవిలో అందరికంటే బాగా ఆడినవాడిని మీరే ట్రాన్స్‌ఫర్ లిస్ట్‌లో పెట్టాలి. కడుపు తరుక్కుపోతుంది, నిజమే. 2022లో డిఫెండర్ కుకురెయ్యా ఒక్క సీజన్ ఆడి చెల్సీకి వెళ్లిపోయినప్పుడు బ్రైటన్ అభిమానులకూ అలాగే ఉండి ఉంటుంది.

చాలామంది చూడకుండా వదిలేసే సదుపాయం ఒకటి గేమ్‌లోనే ఉంది: రిలీజ్ క్లాజ్, అంటే ఎవరైనా ఇంత కడితే ఆటగాడిని వదిలేయాలని కాంట్రాక్ట్‌లో రాసుకునే షరతు. కాంట్రాక్ట్ మాట్లాడేటప్పుడు ఏజెంట్ ఆ క్లాజ్ అడిగితే మనం వెంటనే కొట్టేస్తాం. కొట్టేయకండి. మీ దగ్గరున్న అందరికంటే మంచి ముగ్గురికి క్లాజ్ తప్పనిసరి అని పెట్టుకోండి, విలువకి రెట్టింపు దగ్గర. ఎవరైనా ఆ మొత్తం కడితే మీరు చేయగలిగిందేమీ లేదు, గేమే వాడిని తీసుకుపోతుంది. అప్పటి బ్రైటన్ ఆటగాడు మెకాలిస్టర్ 2022లో ఖతర్‌లో ప్రపంచకప్ గెలిచి వచ్చాక కూడా 2023 వేసవిలో 35 మిలియన్ పౌండ్ల మూల ధరకే లివర్‌పూల్‌కి వెళ్లాడంటే, అప్పటికే కాంట్రాక్ట్‌లో రాసుకున్న షరతుల వల్లే. స్పెయిన్‌లో ఆడితే ఈ క్లాజ్ ఇంకా సహజంగా కుదురుతుంది. 1985 నాటి అక్కడి చట్టం ప్రకారం ఆటగాళ్ల కాంట్రాక్టుల్లో ఇది మామూలు విషయం.

అమ్మగా వచ్చిన డబ్బంతా మళ్లీ ఆటగాళ్ల మీద పెట్టకండి. అందులో 60 శాతం చాలు. మిగతాది యజమాని అప్పు తీర్చినట్టు అనుకోండి. ఇది ఊహించి చెబుతున్నది కాదు, బ్రైటన్‌లో యజమాని టోనీ బ్లూమ్ వందల మిలియన్ పౌండ్లు వడ్డీ లేని అప్పుగా పెట్టాడు. బడ్జెట్ స్లైడర్‌లో ఆ డబ్బు కనిపిస్తూ ఊరిస్తుంది, చూడనట్టే ఉండాలి.

ఇప్పుడు కొనడం సంగతి. ధర మీద హద్దు పెట్టడం కంటే ఒక ప్రశ్న మేలు: వీడు మన క్లబ్‌కి ఎందుకు వస్తాడు? జవాబు ఒక్క వాక్యంలో రాయగలగాలి. పెద్ద క్లబ్‌లో బెంచ్ మీద కూర్చుంటున్నాడు, వాళ్ల జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది, కాంట్రాక్ట్ ఏడాదే ఉంది, గాయం తర్వాత ఆట సమయం కావాలి, చిన్న లీగ్ నుంచి ఒక మెట్టు పైకి. ఇవన్నీ సరైన కారణాలే. 2023లో బార్సెలోనా నుంచి అన్సు ఫాతి బ్రైటన్‌కి లోన్ మీద రావడం మొదటి రకం. వాట్‌ఫర్డ్ ఛాంపియన్‌షిప్‌లో (ఇంగ్లండ్ రెండో డివిజన్) ఉండగా జొవావ్ పెద్రో రావడం చివరి రకం. అదే బయర్న్‌లో ప్రతి వారం ఆడుతున్న 24 ఏళ్ల వింగర్ మీ దగ్గరకు వస్తానంటే, గేమ్ ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకూడదు. మీరు ఛాంపియన్స్ లీగ్‌లో వరసగా రెండేళ్లు ఆడాక ఆ తలుపు కొంచెం తెరుచుకోనివ్వండి.

ఇంగ్లండ్ చట్టాలను ఈఏ గేమ్ పట్టించుకోదు, అందుకే అవి మనమే పెట్టుకోవాలి. 2021 జనవరి 1 నుంచి ఇంగ్లిష్ క్లబ్బులు 18 నిండని విదేశీ ఆటగాడిని తెచ్చుకోలేవు. ఈ ఒక్కటీ పాటిస్తే 16, 17 ఏళ్ల బ్రెజిల్ కుర్రాళ్ల వేట దానంతట అదే ఆగిపోతుంది. మిగతా విదేశీయులకు ఆడే అనుమతి కావాలంటే పాయింట్ల లెక్కలో 15 రావాలి. జాతీయ జట్టులో ఎంత ఆడాడు, ఏ లీగ్‌లో ఎంత సమయం ఆడాడు అన్నదాన్ని బట్టి ఆ పాయింట్లు వస్తాయి. మొత్తం లెక్క వేసుకుంటూ కూర్చుంటే అది ఆట కాదు, గుమాస్తా పని. నేను దాన్ని కుదించి ఇలా వాడతాను: ఐదు పెద్ద లీగుల్లో కిందటి సీజన్ సగం మ్యాచ్‌లైనా ఆడి ఉండాలి, లేదా బలమైన జాతీయ జట్టులో ఉండాలి. ఈ రెండూ లేనివాళ్లు నలుగురికి మించకూడదు. ఆ నాలుగు నేను తీసుకున్న అంకె కాదు. 2023 వేసవి నుంచి ప్రీమియర్ లీగ్ క్లబ్బులకు అలాంటి మినహాయింపు స్థానాలు గరిష్ఠంగా నాలుగు దాకా దొరుకుతున్నాయి.

పాయింట్లు రానివాడు మరీ నచ్చితే బ్రైటన్ తెచ్చుకున్న మిటోమా దారి ఉంది. 2021లో జపాన్‌లోని కవసాకి ఫ్రొంటాలె నుంచి కొన్నారు, ఇంగ్లండ్‌లో ఆడే అనుమతి రాదు. బెల్జియంలో యూనియన్ సాన్ జిల్వాజ్‌కి ఒక సీజన్ లోన్ ఇచ్చి, 2022లో వెనక్కి పిలిచారు. ఆ క్లబ్‌లో కూడా బ్లూమ్‌కి వాటా ఉండటం వల్ల పని సులువైంది. గేమ్‌లో అయితే కొన్న రోజే లోన్ లిస్ట్‌లో పెట్టండి, ఏడాది లోన్‌కి మాత్రమే సరే అనండి. బెల్జియం, నెదర్లాండ్స్, పోర్చుగల్ లాంటి లీగుల నుంచి వచ్చిన ఆఫర్‌నే ఒప్పుకోండి. ఆ ఆఫర్ రాకపోతే వాడు ఆ సీజన్ రిజర్వుల్లో కూర్చోవాల్సిందే. ఏడాది తర్వాత వచ్చేవాడి మీద మనకు ఉండే ఆత్రుత, కొన్న రోజే దిగి హ్యాట్రిక్ కొట్టేవాడి మీద రాదు.

ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ మొదటి డివిజన్) క్లబ్ నమోదు చేసుకునే 25 మంది జాబితా కూడా పాటించండి. అందులో బయట పెరిగినవాళ్లు 17 మందికి మించకూడదు, 21 లోపు వాళ్లు లెక్కలోకి రారు. హోమ్‌గ్రోన్, అంటే ఇక్కడే పెరిగినవాడు, ఎవరో గేమ్ చూపించదు, పాస్‌పోర్టు కూడా పూర్తి కొలత కాదు. 21 ఏళ్లు నిండకముందు ఇంగ్లండ్, వేల్స్ క్లబ్బుల్లో మూడేళ్లు ఉంటే చాలు. 16 ఏళ్లకు ఆర్సెనల్‌కి వచ్చిన స్పెయిన్ ఆటగాడు ఫాబ్రెగాస్ ఆ లెక్కన హోమ్‌గ్రోనే. ఇప్పుడు 18 ఏళ్ల హద్దు వచ్చాక ఆ అడ్డదారి మూసేశారనుకోండి. పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటే పది నిమిషాల పని. ఇంకో చిన్న విషయం: జనవరిలో ప్రీ కాంట్రాక్ట్. కాంట్రాక్ట్ ఆరు నెలల్లో అయిపోయే ఆటగాళ్లను గేమ్ ఎవరి దగ్గర నుంచైనా ఉచితంగా తీసుకోనిస్తుంది. నిజంగా అయితే ఒక ఇంగ్లిష్ క్లబ్ ఇంకో ఇంగ్లిష్ క్లబ్ ఆటగాడితో జనవరిలో అలా ఒప్పందం చేసుకోలేదు, విదేశీ క్లబ్బుల వాళ్లతోనే చేసుకోగలదు. అదీ పెట్టుకోండి.

డబ్బు లెక్క ఇష్టమైతేనే ఈ పేరా చదవండి, లేకపోతే వదిలేయండి. 2024-25 నాటి నియమం ప్రకారం ప్రీమియర్ లీగ్ క్లబ్‌కి మూడేళ్లలో అనుమతించిన నష్టం గరిష్ఠంగా 105 మిలియన్ పౌండ్లు. అందులో కొన్న ఫీజు ఒకేసారి పడదు, కాంట్రాక్ట్ ఏళ్ల మీద పంచుతారు, అదీ ఐదేళ్లకు మించకుండా. ఐదేళ్లకు 40 మిలియన్లు పెట్టి కొంటే ఏటా 8 పడుతుంది. రెండేళ్ల తర్వాత పుస్తకంలో వాడి విలువ 24. అప్పుడు 30కి అమ్మితే లాభం ఆరే. అదే అకాడమీ కుర్రాడిని 30కి అమ్మితే ముప్పైకి ముప్పై లాభం. ఇంగ్లిష్ క్లబ్బులు సొంత పిల్లలనే అమ్ముకోవడం మీరు గమనించే ఉంటారు, కారణం ఇదే. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సంగతి చూడండి. కింది డివిజన్ నుంచి అప్పుడే వచ్చినవాళ్లు కాబట్టి వాళ్ల హద్దు 61 మిలియన్లే, లెక్క ముగిసే తేదీ 2023 జూన్ 30. అకాడమీలో పెరిగిన బ్రెనన్ జాన్సన్‌ని మంచి ధర కోసం ఆపి, సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కి అమ్మారు. ధర వచ్చింది గానీ తేదీ దాటిపోయింది. 2024 మార్చిలో నాలుగు పాయింట్లు కోతపడ్డాయి.

గేమ్ మనకు పాయింట్లు కోయదు కాబట్టి శిక్ష మార్చుకోవాలి. నోట్‌బుక్‌లో ఏటా పంచిన ఫీజులు ఒక పక్క, అమ్మకాల లాభం ఇంకో పక్క రాయండి. బ్రైటన్ స్థాయి క్లబ్‌కి నేను మూడేళ్లకు 60 మిలియన్ల తేడా దాకా ఒప్పుకుంటాను. జీతాలు, టికెట్ల ఆదాయం మనకు సరిగా కనిపించవు కాబట్టి ఆ అంకె నా అంచనా, మీ క్లబ్‌ని బట్టి మార్చుకోండి. జనవరి 31న హద్దు దాటి ఉంటే జూలైలో మొదటి పని అమ్మకం, అందులోనూ ఒక అకాడమీ కుర్రాడు. అప్పటికీ పూడకపోతే రెండు విండోలు కొనుగోళ్లు బంద్. నా మాటగా చెబుతున్నా, కెరీర్ మోడ్‌లో అంత బాగుండే సీజన్లు ఇంకోటి లేవు. 2019 వేసవిలో ఫిఫా నిషేధం వల్ల చెల్సీ కొత్తవాళ్లను కొనలేకపోయింది. మేనేజర్ లాంపార్డ్ చేతిలో మేసన్ మౌంట్, టామీ అబ్రహాం, రీస్ జేమ్స్ లాంటి ఇంటి పిల్లలే ఉన్నారు, వాళ్లతోనే నాలుగో స్థానం తెచ్చుకున్నాడు.

ఈ లెక్కలన్నీ తలనొప్పి, ఒక్క నియమం చెప్పండి అంటే స్పెయిన్ క్లబ్ అత్లెటిక్ బిల్బావో పద్ధతి తీసుకోండి. బాస్క్ ప్రాంతంలో (ఉత్తర స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర) పుట్టిన, లేదా అక్కడి అకాడమీల్లో తయారైన ఆటగాళ్లే అక్కడ ఆడాలి. ఈ పద్ధతితోనే వాళ్లు స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ కింద పడలేదు, 2024లో కోపా డెల్ రే (స్పెయిన్ కప్) కూడా గెలిచారు. పక్కనే ఉన్న రియల్ సోసియెదాద్ ఇదే పద్ధతిని 1989లో ఐర్లండ్ ఆటగాడు జాన్ ఆల్డ్రిజ్‌ని తెచ్చుకుని వదిలేసింది. ఇక్కడ అసలు సరదా, డబ్బు ఉన్నా పనికి రాకపోవడం. 2018 జనవరిలో అత్లెటిక్ సెంటర్ బ్యాక్ లపోర్త్ క్లాజ్ 65 మిలియన్ యూరోలు కట్టి మాంచెస్టర్ సిటీ తీసుకుపోయింది. చేతి నిండా డబ్బుంది, కానీ ప్రపంచంలో వాళ్లు కొనగల సెంటర్ బ్యాక్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. సోసియెదాద్ నుంచి ఇన్యిగో మార్టినెజ్ క్లాజ్ 32 మిలియన్లు పూర్తిగా కట్టి తెచ్చుకోవాల్సి వచ్చింది, బేరం లేదు. గేమ్‌లో పుట్టిన ఊరు కనిపించదు. అందుకని అత్లెటిక్, సోసియెదాద్, ఒసాసునా, అలావెస్, ఐబార్ అకాడమీల్లో పెరిగినవాళ్ల పేర్లు ముందే రాసుకోండి. కొన్నేళ్ల తర్వాత ఆ తరం రిటైరై గేమ్ తయారుచేసిన ఆటగాళ్లే మిగిలితే, మీ యూత్ అకాడమీకి స్కౌట్ స్పెయిన్ నుంచి తెచ్చినవాళ్లే బాస్క్ అనుకుని సాగిపోండి.

సెట్టింగుల విషయానికొస్తే మొదటి వేసవి విండో ఆపేయండి, బేరాలు స్ట్రిక్ట్‌లో పెట్టండి, ఫైనాన్షియల్ టేకోవర్ (క్లబ్‌కి ఒక్కసారిగా బోలెడు డబ్బు వచ్చే సదుపాయం) జోలికి పోకండి. ఆటగాళ్ల మార్పిడి డీల్స్ కూడా వద్దు, మనకు అక్కర్లేని ముగ్గురిని అంటగట్టి ఒక మంచివాడిని లాగడం ఇందులో మరీ తేలిక. అన్నిటికంటే ముఖ్యం, పొటెన్షియల్ అంకెలు బయటి సైట్లలో చూడటం మానేయండి. అది ప్రశ్నపత్రం ముందే చదువుకుని పరీక్ష రాయడం లాంటిది. స్కౌట్ ఏం చెబితే అదే. వాడు చెప్పినవాడు ఎదగకపోతే ఎదగడు, నిజం క్లబ్బుల్లో అలాంటివాళ్లే ఎక్కువ. ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్లకు వర్క్ పర్మిట్లు, రిజిస్ట్రేషన్ నియమాలు గేమ్‌లోనే ఉంటాయి, వాళ్లకు నేను చెప్పిన అమ్మకం నియమం ఒక్కటి చాలు.

అన్నీ మొదటి రోజే పెట్టుకోకండి. అమ్మకం నియమం, రావడానికి కారణం, 18 ఏళ్ల హద్దు, ఈ మూడింటితో ఒక సీజన్ ఆడి చూడండి. మార్పులేమైనా సీజన్‌కీ సీజన్‌కీ మధ్యనే. విండో చివరి రోజు రాత్రి పదకొండింటికి తోచే సవరణలు దేనికీ పనికిరావు.

హైదరాబాద్ సేవ్‌కి మాత్రం ఇవన్నీ తలకిందులు. ఫిఫా 22 నాటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నియమం ప్రకారం క్లబ్‌కి విదేశీయులు ఆరుగురే, అందులో ఒకరు ఆసియా దేశపువాడై ఉండాలి, మైదానంలో ఒకేసారి నలుగురికి మించకూడదు. ఆ 2021-22 సీజన్‌లో మనవాళ్లు కప్పు కొట్టింది 37 ఏళ్ల నైజీరియా స్ట్రైకర్ ఒగ్‌బెచె 18 గోల్స్‌తో, అతను ముంబయి సిటీ నుంచి వచ్చినవాడు. పెరిగింది మాత్రం ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి మన దేశపు కుర్రాళ్లు. తర్వాత వాళ్లిద్దరూ కూడా పెద్ద క్లబ్బులకే వెళ్లిపోయారు, ఆశిష్ 2022లో మోహన్ బగాన్‌కి, ఆకాశ్ 2023లో ముంబయి సిటీకి. కాబట్టి విదేశీయుల మీద ట్రాన్స్‌ఫర్ ఫీజు అసలు కట్టకూడదని పెట్టుకోండి. ఫీజు పెడితే మన దేశం ఆటగాడికే పెట్టాలి. స్ట్రైకర్ కావాల్సి వస్తే ఫ్రీ ఏజెంట్లలో వయసు 32కి పైన పెట్టి వెతకండి, పేస్ చూడొద్దు, ఫినిషింగ్ చూడండి.